చీలమండకు ఎంత స్వేచ్ఛ? – హార్డ్‌బూట్ల చరిత్ర నుంచి కొన్ని పుటలు

మన కావ్యాలలో అందెల రవళి పుష్కలంగా వినిపిస్తుంది గాని, ఆ అందె ఆనుకునే చీలమండను గురించి ఆగి ఆలోచించిన కవి అరుదు. పిక్కకూ పాదానికీ నడుమ మధ్యవర్తిత్వం చేసే ఈ కీలు బెణికిన నాడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. మంచు మీద జారే క్రీడల చరిత్ర తిరగేసినప్పుడు మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. నూటయాభై ఏళ్ళుగా అక్కడ నడిచిన తగాదా అంతా ఈ ఒక్క కీలు గురించే. దీన్ని ఎంతవరకు బంధించాలి? ఎంతవరకు కదలనివ్వాలి? ఈ తగాదాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఘట్టం స్కీయింగులో లేదు. దాని పక్కనే పుట్టి, కొంతకాలం వెలిగి, ఇప్పుడు కొద్దిమంది చేతుల్లో మిగిలిన హార్డ్‌బూట్ స్నోబోర్డింగులో ఉంది. ఈ టపా దాని గురించే.

మంచు ఆటలతో పరిచయం లేని మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. స్కీయింగులో కాలికొక పలక. రెండు పాదాలూ తిన్నగా ముందుకే చూస్తాయి. స్నోబోర్డింగులో రెండు పాదాలకూ ఒకటే పలక. మనిషి పక్కకు తిరిగి నిలబడతాడు. నూటికి తొంభైమందికి పైగా స్నోబోర్డర్లు మెత్తని బూట్లే వేసుకుంటారు. ఒక చిన్న వర్గం మాత్రం స్కీ బూట్లను పోలిన గట్టి ప్లాస్టిక్ బూట్లు తొడుక్కుని, సన్నని పొడవాటి బోర్డు మీద శరీరాన్ని దాదాపు మంచుకు ఆనించి, లోతైన గీతలు చెక్కుకుంటూ కొండ దిగుతుంది. వీరే హార్డ్‌బూటర్లు. ఈ బూట్లు వేసుకోవడం మొదలుపెట్టి నాకూ చాలా ఏళ్ళయింది కనుక, ఈ చరిత్ర నాకు కొంత పుస్తకాల వల్ల, కొంత కాళ్ళ వల్ల తెలిసింది.

కథ నార్వేలో మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం నడిమి వరకు స్కీకి కాలి ముందుభాగాన్ని పట్టి ఉంచే ఒక తోలు పట్టీ తప్ప మరేమీ ఉండేది కాదు. మడమ స్వేచ్ఛగా లేచేది, పక్కలకూ జారేది. నడవడానికి అది చాలు, మలుపు తిప్పడానికి చాలదు. టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోంద్రె నూర్‌హైమ్ మెలితిప్పిన లేత కొమ్మలతో మడమ చుట్టూ ఒక పట్టీ కట్టి, పాదం పక్కకు జారకుండా చేశాడు. 1868లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, జరిగిన పోటీలో నలభై దాటిన ఆ మనిషి చేసిన విన్యాసాలు చూసి జనం నివ్వెరపోయారు. చీలమండకు పడిన తొలి సంకెల ఆ కొమ్మల పట్టీయే అనుకోవచ్చు. సంకెల పడ్డాకే మలుపు సాధ్యమైంది అన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం.

ఆల్ప్స్ కొండలు నార్వే కొండలకన్నా నిటారు. అక్కడ మడమను ఇంకా గట్టిగా కిందికి లాగి ఉంచవలసివచ్చింది. 1930 ప్రాంతంలో స్విట్జర్లాండుకు చెందిన గిడో రూగె, మడమ వెనుకగా లోహపు తీగను బిగించే కాందహార్ బైండింగును తెచ్చాడు. (స్విస్ కొండల్లో ఈ కాందహార్ ఏమిటని సందేహం రావచ్చు. ఒక స్కీ పందెం పేరు మీదుగా ఆ పేరు పెట్టారు. ఆ పందానికి కప్పు ఇచ్చినది కాందహార్ రాబర్ట్స్ ప్రభువు. కాన్పూరులో పుట్టి, 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్సే ఆయన. మన మద్రాసు చరిత్ర ఎక్కడెక్కడికి ప్రాకిందో చూడండి!) మడమ కదలడం ఆగిపోయింది. బూటు మాత్రం ఇంకా తోలుదే. తోలు బూటు పొద్దున గట్టిగా ఉండి, మధ్యాహ్నానికి తడిసి మెత్తబడేది. మడమ కదలక, బూటు ఆసరా ఇవ్వక, ఆ తరంలో స్కీయర్ల చీలమండలు తరచుగా విరిగేవి. 1937లో కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్న యాల్మర్ వామ్ అనే నార్వే సంతతి స్కీయరు, అమెరికాలోని ఒరెగాన్‌లో, పడినప్పుడు తనంతట తాను వదిలేసే బైండింగును ఊహించాడు. దెబ్బ తగిలితేగాని బుద్ధి పదునెక్కదన్న మాట ఈ రంగానికి చాలాసార్లు వర్తిస్తుంది.

ఆ తరువాతి పాతికేళ్ళలో తాళ్ళ బదులు బకిల్స్ వచ్చాయి. స్విస్ సంస్థ హెంకె 1955లో వాటిని బజారులోకి తెచ్చింది. అసలు విప్లవం మాత్రం అమెరికాలో, కొండలే లేని అయొవా రాష్ట్రంలోని డ్యూబ్యూక్‌లో జరిగింది. బాబ్ లాంగ్ అనే ప్లాస్టిక్ పనివాడు తోలు బూటు పెట్టే బాధ భరించలేక, 1950ల చివర నుంచి ప్లాస్టిక్‌తో బూటు పోతపోయడానికి ప్రయత్నాలు చేసి, 1960ల నడుమ పాలీయురెథేన్ బూటును అమ్మకానికి పెట్టాడు. పందేలవారు ఎగబడి కొన్నారు. అది వానకు తడవదు, సాయంత్రానికి మెత్తబడదు, మోకాలి చిన్న కదలికను కూడా స్కీ అంచుకు చేరవేస్తుంది. దానికి తగిన శిక్షా ఉండేది. ముంగాలి ఎముకకు బూటు నాలుక మోది మోది కలిగే నొప్పికి ‘లాంగ్ బ్యాంగ్’ అని ఏకంగా ఒక పేరే స్థిరపడింది. 1970ల తొలి సంవత్సరాల్లో బూట్లు మరింత ఎత్తు పెరిగి పిక్క మీదికి ప్రాకాయి. చీలమండ ఇప్పుడు పూర్తిగా గోడల మధ్య ఖైదీ.

ఈ ఖైదు ఫలితం ఏమయింది? వెర్మాంట్ రాష్ట్రంలోని షుగర్‌బుష్‌లో 1972 నుంచి రాబర్ట్ జాన్సన్ అనే వైద్యుడు, కార్ల్ ఎట్లింగర్, జాస్పర్ షీలీ అనే ఇద్దరు సహచరులతో కలిసి స్కీ గాయాల లెక్కను ఏటేటా రాయడం మొదలుపెట్టాడు. ఈ విషయంలో దాన్ని మించిన పత్రం నాకు కనిపించలేదు. ఆ లెక్కల సారాంశం ఇది. చీలమండ విరగడం గణనీయంగా తగ్గింది. బైండింగులు మెరుగయ్యే కొద్దీ బూటు పైఅంచు దగ్గర పిక్క ఎముక విరగడమూ తగ్గింది. ఆ తరువాత మోకాలి వంతు వచ్చింది. మోకాలి లోపల ఎదురెదురుగా పెనవేసుకున్న రెండు సంధిబంధనాలలో ముందరిది తెగడం 1970ల చివర నుంచి పెరుగుతూ పోయింది. వెనక్కి ఒరిగి నేల మీద పడిన స్కీయరుకు, బూటు వెనుకగోడ పిక్కను ముందుకు తోస్తుంది. తొడ ఎముక మాత్రం వెనుకే ఉండిపోతుంది. మధ్యలో ఆ బంధనం తెగుతుంది. కీలును కాపాడిన గోడే పై కీలును దెబ్బతీసే సాధనం అయింది. బలం ఎక్కడికీ పోదు, కదలిక ఉన్న చోటును వెతుక్కుంటూ వెళుతుందన్న భౌతికశాస్త్ర పాఠాన్ని వేలమంది మోకాళ్ళు ఇచ్చి నేర్చుకున్నారు.

ఇక్కడ చీలమండ నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. పాదం పైన కూర్చునే టాలస్ ఎముక ముందువైపు వెడల్పుగానూ వెనుకవైపు సన్నగానూ ఉంటుంది. పిక్కను ముందుకు వంచినప్పుడు ఆ వెడల్పు భాగం రెండు పక్క ఎముకల నడుమ మేకులా బిగుసుకుని కీలు స్థిరపడుతుంది. గొంతుకూర్చునే అలవాటున్న జాతుల వారిలో ఈ వంపు ఎక్కువ. లాహోరు వైద్య కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించిన హావెలాక్ ఛార్లెస్ 1893లో పంజాబీల కాలి ఎముకలను పరిశీలించి, గొంతుకూర్చోవడం వల్ల ఎముకల ముందంచున ఏర్పడే చిన్న నున్నని అద్దకాలను వర్ణించాడు. కుర్చీకి అలవాటుపడిన యూరోపియన్ ఎముకల్లో అవి అరుదు. అరమండిలో గంటలు గడిపే మన కూచిపూడి నర్తకికి యూరప్ బూటు ఎంత ఇరుకుగా తోస్తుందో నేను అప్పుడప్పుడు ఊహించుకుంటూ ఉంటాను. ప్రతి మనిషి చీలమండకూ తనదైన హద్దు ఉంది. కార్ఖానాలో పోసిన ప్లాస్టిక్‌కు ఆ హద్దు తెలియదు.

ఈ సంగతిని బూటు తయారీదార్లలో మొదటగా పట్టించుకున్నవారిలో ఫ్లెక్సాన్ రూపకర్తలు ముఖ్యులు. మామూలు ప్లాస్టిక్ బూటులో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి కప్పుకుంటాయి. ముందుకు వంగినప్పుడు వంగేది కీలు కాదు, ఆ ప్లాస్టికే నలిగి ఉబ్బుతుంది. స్విట్జర్లాండులోని రైక్లె సంస్థ 1980 ప్రాంతంలో తెచ్చిన ఫ్లెక్సాన్ బూటులో అడుగుభాగం, పిక్కను పట్టే పట్టీ, ముందు నాలుక అని మూడు విడి భాగాలు. నాలుక మీద అడ్డంగా మడతలు. వ్యోమగాముల దుస్తుల కీళ్ళ దగ్గర ఉండే మడతలే దీనికి ప్రేరణ. వంగే కొద్దీ మడతలు ఒకదానికొకటి దగ్గరై క్రమంగా ఎదురొత్తుతాయి. నాలుక మార్చుకుంటే బూటు గట్టిదనమూ మారుతుంది. బూటును పాదానికే కాకుండా కదలికకు కూడా కొలత తీయవచ్చునన్న ఆలోచన అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

సరిగ్గా అదే కాలంలో స్నోబోర్డు పెరుగుతోంది. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ళ కోసం రెండు స్కీలు కలిపి బిగించిన ‘స్నర్ఫర్’ దానికి ఆది. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డులు తయారుచేయడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఈ ఆటను సముద్రపు అలలతోనూ స్కేట్‌బోర్డుతోనూ పోల్చుకున్నారు గనుక మెత్తని బూట్లే వేసుకున్నారు. యూరప్‌లో మాత్రం కొండ అంటే స్కీ, బూటు అంటే ప్లాస్టిక్. 1980లలో ఆస్ట్రియా, స్విట్జర్లాండు, ఫ్రాన్స్ కుర్రాళ్ళు స్కీ బూట్లు, పర్వతారోహణ ప్లాస్టిక్ బూట్లు తొడుక్కుని బోర్డెక్కారు. గట్టి అంచు కావాలంటే గట్టి బూటు కావాలన్నది వారికి పుట్టుకతో వచ్చిన నమ్మకం. 1998 ఫిబ్రవరిలో నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డు తొలిసారి ప్రవేశించినప్పుడు జెయింట్ స్లాలం పందెంలో దిగినవారు ఈ బూట్లతోనే దిగారు. ఆ పందెం గెలిచిన కెనడా క్రీడాకారుడు రాస్ రెబగ్లియాటి పతకాన్ని గంజాయి ఆనవాళ్ళు దొరికాయని తీసుకుని, మళ్ళీ తిరిగి ఇచ్చేశారు. ఆ గొడవలో ఆయన కాళ్ళకు ఏం తొడుక్కున్నాడో లోకం పట్టించుకోలేదు.

స్కీ బూటును తెచ్చి బోర్డుకు బిగిస్తే సరిపోతుందా? సరిపోదు. పందెపు బోర్డు నడుము 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ, మగవాడి పాదం 26, 27. అడ్డంగా నిలబడితే వేళ్ళూ మడమా బయటికి పొడుచుకు వచ్చి మలుపులో మంచుకు తగులుతాయి. అందుకని పాదాలను 50 నుంచి 65 డిగ్రీల ఏటవాలుగా ముందుకు తిప్పి బిగిస్తారు. దీనితో లెక్క మారిపోతుంది. స్కీయరు పిక్కను ముందుకు వంచితే బరువు స్కీ ముక్కు వైపు వెళుతుంది. హార్డ్‌బూటరు వంచితే బరువు కొంత ముక్కు వైపు, కొంత అంచు మీదికి వెళుతుంది. పైగా రెండు కాళ్ళ పని ఒకటి కాదు. ముందుకాలు కొంత నిటారుగా దారి చూపిస్తుంది. వెనుకకాలు ముడుచుకుని, మోకాలును ముందుకు చొప్పించి అనుసరిస్తుంది. ఎద్దుల బండి కాడికి రెండు వైపులా రెండు వేర్వేరు వయసుల ఎద్దులను కట్టినట్టు అన్నమాట. కార్ఖానా మాత్రం ఎడమకూ కుడికీ ఒకే గట్టిదనంతో బూట్లు పోసి పంపుతుంది.

ఆ బూట్ల వెనుక ఒక చిన్న మీట ఉండేది. నడిచేటప్పుడు వదులు చేయడానికి, దిగేటప్పుడు నాలుగైదు వంపులలో ఒకదాని దగ్గర బిగించడానికి. బిగిస్తే వెనుకభాగం బండరాయి. మడమవైపు అంచు మీద మలుపు తిరుగుతూ గడ్డకట్టిన గతుకుల మీదికి వెళితే పిక్క ఆ రాయికి కొట్టుకునేది, అంచు టకటకమని ఎగిరి పట్టు తప్పేది. మీటను వదులు చేసి దిగేవారూ ఉండేవారు. అప్పుడు ఆసరా అసలే ఉండదు. బండరాయి లేదా శూన్యం, ఈ రెండింటి మధ్య మరో దారి ఉండాలి కదా.

ఆ మధ్యేమార్గమే స్ప్రింగు. కొలరాడోలోని బాంబర్ అనే చిన్న సంస్థ, రైక్లె బూట్లకూ, వాటికి వారసురాలైన డీలక్స్ బూట్లకూ ఆ మీట స్థానంలో బిగించుకునే పరికరాన్ని బిటిఎస్ పేరుతో అమ్మింది. చూడడానికి సైకిలు రిపేరు షాపులో పడి ఉండే సామానులా ఉంటుంది. బూటు వెనుక నిలువుగా ఒక ఉక్కు కడ్డీ, నడుమ ఒక దిమ్మ, దిమ్మకు పైన ఒక స్ప్రింగు, కింద ఒక స్ప్రింగు, వాటిని నొక్కిపట్టే ఉంగరాలు. పిక్క ముందుకు వంగితే ఒక స్ప్రింగు నలుగుతుంది, వెనక్కి ఒరిగితే రెండోది నలుగుతుంది. ఉంగరాలను జరిపితే నిలకడ వంపు మారుతుంది. ఒక స్ప్రింగు తీసి మరొకటి వేస్తే గట్టిదనం మారుతుంది. ముందుకాలికి ఒక రకం, వెనుకకాలికి మరో రకం. వెనుకగోడకు తొలిసారిగా కొంత ‘ఇచ్చిపుచ్చుకునే’ గుణం వచ్చింది. తరువాత కొన్ని బూట్లలో తయారీదార్లే ఈ స్ప్రింగును లోపల పెట్టి అమ్మారు.

ఉక్కు స్ప్రింగుకు ప్లాస్టిక్‌కు లేని ఒక సుగుణం ఉంది. రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా దాచి, 1678లో విప్పిచెప్పిన నియమం దానిది. ఎంత నలిగితే అంత ఎదురొత్తు. గదిలో 20 డిగ్రీల వద్దా, కొండ మీద సున్నాకు 15 డిగ్రీల దిగువనా దాని ప్రవర్తన దాదాపు ఒకటే. పాలీయురెథేన్ అలా కాదు, చలికి బిగుసుకుంటుంది. దుకాణంలో వెచ్చగా వంచి చూసి మెత్తన అనుకున్న బూటు మర్నాడు కొండ మీద మొండికేస్తుంది. బూట్ల మీద అచ్చువేసే 90, 110, 130 వంటి అంకెల సంగతి మరీ విచిత్రం. వాటికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒక హోటలువారి ‘కారం తక్కువ’ మరొక హోటలువారి ‘కారం ఎక్కువ’ అయినట్టే, ఒక సంస్థ 100 మరొక సంస్థ 120 కావచ్చు.

సరిచేసే క్రమం గురించి అభిరుచి ఉన్నవారు ఎడతెగని చర్చలు చేస్తారు. నా పద్ధతి చెబుతాను. స్ప్రింగు జోలికి వెళ్ళకముందే వంపు నిర్ణయించుకోవాలి. బోర్డును చదునైన నేల మీద పెట్టి, రెండు బూట్లూ బిగించి, మోకాళ్ళు కొద్దిగా ముడిచి నిలబడినప్పుడు పిక్క ముందు నాలుకనూ వెనుకగోడనూ సమానంగా తాకాలి. ఎక్కడైనా ఒత్తిడి తగిలితే ఆ వంపు మనది కాదు. వెనుకకాలికి ముందుకాలికన్నా ఎక్కువ వంపు పడుతుంది. ఆ తరువాత మెత్తని స్ప్రింగులతో మొదలుపెట్టి, మలుపు మధ్యలో చీలమండ హద్దును తాకి ‘టక్’మని ఆగినట్టు అనిపిస్తే అప్పుడు గట్టిది వేసుకోవాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. గట్టి బూటు గట్టివాడి లక్షణమన్న భ్రమ ఈ ఆటలో బలంగా నాటుకుపోయింది. అతిగట్టి బూటులో శరీరం వంగవలసిన వంపు నడుములో వంగుతుంది. చూడడానికి వంగి నమస్కరిస్తున్నట్టుంటుంది. చీలమండ వంగనిదే మోకాలు వంగదు, మోకాలు వంగనిదే అంచు మంచును వదలకుండా పట్టుకోదు.

స్ప్రింగే సర్వరోగ నివారిణి అని నేను అనను. ప్లాస్టిక్ నలిగినప్పుడు కొంత బలాన్ని మింగేస్తుంది. స్ప్రింగు మింగదు, తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి ఇస్తుంది. మలుపు చివర దాని ఎదురుతోపుకు సిద్ధంగా లేనివాణ్ణి విసిరేస్తుంది కూడా. గాయాలను అది తగ్గిస్తుందనడానికీ నా దగ్గర ఆధారం లేదు. 1998లో వెలువడిన కొలరాడో పరిశోధన ఒకటి 1988 నుంచి 1995 వరకు తగిలిన 3213 స్నోబోర్డు గాయాలను పరిశీలించింది. వాటిలో సుమారు నూటికి పదిహేను చీలమండవే. బూటు మెత్తనా గట్టా అన్నదానికీ పాదం, చీలమండ గాయాల మొత్తం సంఖ్యకూ స్పష్టమైన సంబంధం అందులో కనిపించలేదు. మెత్తని బూటువారూ గట్టి బూటువారూ ఒకరినొకరు భయపెట్టుకోవడానికి వాడే వాదనలు చాలావరకు ఆ కాగితం ముందు నిలవవు.

స్కీ బూటుకూ ఈ బూటుకూ ఉన్న తేడా తెలియాలంటే ఎస్తెర్ లెడెట్స్కాను తలుచుకోవాలి. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఈ చెక్ యువతి ఫిబ్రవరి 17న స్కీల మీద సూపర్-జి పందాన్ని సెకనులో నూరోవంతు తేడాతో గెలిచింది. గెలిచినట్టు తనకే నమ్మకం కుదరక తెర వంక చూస్తూ నిలబడిపోయింది. వారం తిరక్కుండా, 24న, బోర్డు మీద ప్యారలల్ జెయింట్ స్లాలంలోనూ స్వర్ణం గెలిచింది. 2022లో బీజింగ్‌లో ఆ రెండోదాన్ని నిలబెట్టుకుంది. అవే చీలమండలు, రెండు రకాల ఖైదులు. రెండింటిలోనూ హద్దు ఎక్కడుందో ఆమె కాళ్ళకు తెలుసు.

ఒలింపిక్ పతకాలు ఉన్నా, బజారు మాత్రం లేదు. 2000 తరువాత బర్టన్ వంటి పెద్ద సంస్థలు ఈ సరుకు నుంచి తప్పుకున్నాయి. అచ్చులు పోసేవారు చిన్న చిన్న సంస్థలవారు మిగిలారు. పాలీయురెథేన్‌కు మరో జబ్బు ఉంది: వాడినా వాడకపోయినా, గాలిలోని తేమ తగిలి ఏళ్ళు గడిచేసరికి పెళుసెక్కి, ఒకరోజు చెప్పకుండా పగులుతుంది. అందుకని హార్డ్‌బూటర్లు పాత రైక్లె బూట్లను వెతికి, ఒకదాని నాలుక మరొకదానికి, ఒకదాని బకిల్ ఇంకొకదానికి వేసుకుంటూ నెట్టుకొస్తారు. నా జతలో వెనుకకాలి బూటు తొడుగు ఇది మూడోది. కడ్డీ, దిమ్మ, స్ప్రింగులు మాత్రం మొదటి బూటువే. ఏటా శీతాకాలం ముగిశాక విప్పి, తుప్పు తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి, ఒక కాఫీ డబ్బాలో పెడతాను.